యాదన్న ఆమెన్, ఉపగ్రహం సాక్ష్యం

గుట్ట చాటున నిప్పు పెడితే పైనుంచి ఎవరూ చూడరనుకుంటున్నారా? దేవుని సంగతి తర్వాత, ముందు ఉపగ్రహమే చూస్తది!

ఈ రోజు మధ్యాహ్నం మంఖాల్ గుట్ట మీది అడవి అంటుకుంది. ఉపగ్రహం పసిగట్టిన మంట జాడ అటవీ గార్డు ఫోనుకు మెసేజీగా వచ్చింది. మా చర్చి సంఘంవాళ్లెవరూ అడవికి నిప్పు పెట్టరని పాస్టరుగా అతనికి మాటిచ్చింది నేనే, అందుకని నన్నూ వెంట తీసుకుపోయాడు. మెసేజీ చూపిన చోట మేకలతో నిలబడ్డది ఎవరు? మా సంఘ పెద్ద యాదన్న! వానలకు లేతగడ్డి మొలవాలని తనే కాల్చాడట. మూడు ఆదివారాలు గ్రంథం తెరిచి అడవి కాల్చొద్దని చెప్పాను. అందరికంటే గట్టిగా ఆమెన్ అన్నది ఆయనే.

“ఏంది యాదన్నా, ఆమెన్ అన్నవ్ గదా?”

“అన్న అయ్యగారూ. ఆమెన్ మేకలు తింటయా?”

గార్డు నా దిక్కు చూసిన చూపు మంటకంటే ఎక్కువ కాల్చింది. ఆకాశంలో యంత్రం నిజం చెప్పింది, నా పక్కన మోకరించిన మనిషి చెప్పలేదు. మీ దగ్గర గట్టిగా ఆమెన్ అనేది ఎవరు? జర చెప్పండి.

సగం గుట్ట ఇంకా మిగిలి ఉంది. ఎండాకుల కింద నిప్పు రాజుతోంది. మా సంఘంవాళ్లారా, ఈ సాయంత్రమే పొరకలు పట్టుకుని రండి, ఆకులు ఊడ్చి మంటకు అడ్డంగా బాట తీద్దాం. యాదన్నా, మొదటి పొరక నీదే. లే!