గాలి కొట్టే పని

పొద్దున ఆరున్నరకల్లా ఆమె తయారు. రాత్రి ఉతికి అరచేత్తో సాపు చేసి ఆరేసిన తెల్లకోటు, బిగించి అల్లిన జడ, చివరంటా కత్తిరించిన గోళ్ళు. క్లినిక్‌లో పదేళ్ళుగా అసిస్టెంటు. డాక్టరుగారి ముందు కూర్చునేలోపు ప్రతి రోగి బరువూ, జ్వరమూ, బీపీ, భయమూ ఆమె చేతుల మీదుగా పోవాల్సిందే. "ఆ జీతంతో ఒక్కదానివే ఎలా నెట్టుకొస్తావే?" అని అన్నయ్య అడిగితే, "నెట్టుకురావడం లేదు, బతుకుతున్నా" అంటుంది. ఒక గది, ఒక పొయ్యి, లోపల్నుంచి వేసుకునే గడియ. ఆ గడియ నిలుపుకోవడం కోసమే, గది అద్దెకిచ్చిన ఇంటావిడ కొనుక్కున్న మిషనుతో రోజూ ఆవిడకి ఊరికే బీపీ చూసిపెడుతుంది.

ఆవేళ చేతికి పట్టీ చుట్టి గాలి కొడుతుంటే ఇంటావిడ అందుకుంది. "వచ్చే నెల నుంచి అద్దె పెంచుతున్నానమ్మాయ్. నీకేం, మొగుడా, పిల్లలా? చేసేది కూడా ఇలా గాలి కొట్టే పనేగా!" ఆమె గాలి వదిలేసింది. "మాట్లాడితే రీడింగ్ తప్పొస్తుందాంటీ. ఐదు నిమిషాలు నోరు మెదపకుండా కూర్చోండి." రోగులకి రోజూ చెప్పే మాటే. బీపీ అంటే హడలు కాబట్టి ఇంటావిడ నోరు మూసుకుంది. అప్పుడు ఆమె మొదలుపెట్టింది. రెండేళ్ళుగా కారుతున్న కప్పు, సెలవురోజు కూడా తలుపు బాది లేపడం, ఎవరొచ్చారో అని కిటికీలోంచి తొంగిచూడడం. గొంతు పెంచకుండా, ఒక్కొక్కటీ సూది దింపినట్టు చెప్పింది. ఇంటావిడ మొహం కందగడ్డయింది గానీ పెదవి విప్పలేదు. ఐదు నిమిషాలూ అయ్యాక ఆమె పట్టీ విప్పి, మిషను ఆవిడ ఒళ్ళో పెట్టింది. "ఇక మీరే కొట్టుకోండాంటీ. గాలేగా."