బల్లిగారి బెల్టు

వీధిలో ఎవరింటి ముందు నుంచి వెళ్ళినా ఆయన నోరు ఊరుకోదు. "తడి చేత్తో స్విచ్చి ముట్టుకోకమ్మా! పడుకునే ముందు గ్యాసు సిలిండర్ దగ్గరే కట్టెయ్యండి! ఒరేయ్, ఫోను ఛార్జింగు పెట్టి దిండు కింద దోపుకుంటావా? తలకాయ పేలిపోతుంది!" స్నానాల గదిలో జారకుండా రబ్బరు చాప వెయ్యమని ఆయన చెప్పని ఇల్లు ఆ వీధిలో లేదు. వేసేదాకా రోజూ గుమ్మంలో నిలబడి "వేశారా?" అని అడిగేవాడు. ఆ బాధ పడలేక అందరూ వేసుకున్నారు.

ఇంతకీ ఇన్ని జాగ్రత్తలు చెప్పే పెద్దమనిషి చేసే పని ఏమిటయ్యా అంటే, అంతస్తుల మీద అంతస్తులున్న భవనాల బయట గోడకి అతుక్కుని షాపుల బోర్డులు బిగించడం. అందుకే ఆయన్ని అందరూ బల్లి అంటారు. వెనకాల గుసగుసగా కాదు, మొహం మీదే. ఆయన దాన్ని బిరుదులా తీసుకున్నాడు. ఎవరైనా మర్యాదకి పోయి అసలు పేరుతో పిలిస్తే, ఎవర్ని పిలుస్తున్నారా అని వెనక్కి తిరిగి చూస్తాడు.

ఆయన భార్యని అందరూ అక్కా అంటారు. బోర్డుల మీదికి అక్షరాలు కోసేది ఆవిడే. కళ్ళకి అద్దాలు, చేతులకి తొడుగులు, ముక్కుకి గుడ్డ లేకుండా మిషను మీట నొక్కదు. ఆవిడ కోసిన అక్షరాల్ని గోడెక్కించేది ఆయన. ఆ కాపురంలో జాగ్రత్తలు చెప్పేది ఒకరు, పాటించేది ఇంకొకరు. పాటించే మనిషికి చెప్పే మనిషిని చూస్తే ఒళ్ళు మండేది.

మండదా మరి? ఆయన ఫోను అద్దానికి బీమా ఉంది. బండికి ఉంది, అది తప్పదు కాబట్టి. టీవీకి ఉంది, అమ్మినవాడు మొహమాటపెట్టాడు కాబట్టి. డ్రిల్లు మెషినుకి కూడా ఉంది, అది మాత్రం అచ్చంగా ప్రేమకొద్దీ. కొన్న రోజు నుంచీ ఆ డ్రిల్లుని పాత బనీనులో చుట్టి, మంచం పక్కనే స్టూలు మీద పడుకోబెట్టేవాడు. ఇంటిల్లిపాదికీ ఆస్పత్రి బీమా ఒకటి అక్క పట్టుబట్టి తీసుకుంది. అది తప్పిస్తే, గోడకి అతుక్కునే ఆ రెండు చేతులకీ రెండు కాళ్ళకీ పూచీ పడ్డవాడు ఎవడూ లేడు.

"ఫోను పగిలితే కొత్తదొస్తుంది. మీరు పగిలితే నేనెక్కడికి పోయి తెచ్చుకోను?" అని అక్క అడిగితే, "పగిలితే కదా!" అనేవాడు. అంతే. దానికి ఇంకో మాట లేదు. ఎన్నిసార్లడిగినా అదే. గోడతో మాట్లాడుకున్నా ఇంతకంటే నయమని ఆవిడ తల పట్టుకునేది.

చివరికి ఒక ఆదివారం తమ్ముణ్ణి పిలిపించింది. తమ్ముడు బీమా ఏజెంటు. బావ దగ్గర ఏ ఏజెంటు ఆటలూ సాగవని తెలిసి కూడా, అక్క పోరు పడలేక వచ్చాడు. 

"ఏదో ఒకటి చవగ్గా రాసి పారెయ్యరా, మీ అక్క నోరు మూతపడుతుంది," అన్నాడు బల్లి, డ్రిల్లు తుడుచుకుంటూ.

"ఏదో ఒకటేంటి బావా, ఏదైనా సరిపోవడానికి ఇదేమన్నా టోపీయా? జీవిత బీమా అయితే నువ్వు పోయాక అక్కకొస్తుంది."

"నీ నోట మంచి మాటే రాదా?"

"ఆస్పత్రి బీమా అయితే బిల్లు కడుతుంది. అది మీకుంది. బాగానే ఉంది. కానీ నువ్వు పడి, పోకుండా, కాలో చెయ్యో విరగ్గొట్టుకుని నెలల తరబడి మంచం మీద ఉన్నావనుకో. పని లేదు. ఇల్లు ఎలా గడవాలి? లేకపోతే ఆ చెయ్యి ఇంక పైకి లేవనే లేవదు అనుకో. దానికి పనికొచ్చేది ప్రమాద బీమా. నీ పనికి ముందు అదుండాలి. మిగతావి తర్వాత చూద్దాం."

బల్లి కాసేపు ఆలోచించాడు. అక్క ఊపిరి బిగపట్టింది.

"సరే రాయి."

అక్క ఊపిరి వదిలింది. తొందరపడి వదిలింది. ఎందుకంటే తమ్ముడు ఫోనులో ఒక్కో వివరం నింపుకుంటూ, "నువ్వు చేసే పని?" అని అడిగాడు.

"వ్యాపారం అని రాయి."

"ఏం వ్యాపారం?"

"షాపులో కూర్చుని బోర్డులు అమ్ముతానని రాయి. గోడలెక్కుతానంటే ఎక్కువ గుంజుతారట, నాకు తెలీదనుకున్నావా?"

తమ్ముడు ఫోను ఒళ్ళో పెట్టేశాడు. "బావా, కూర్చునేవాడికిచ్చే పాలసీ గోడమీంచి పడ్డవాడికి అక్కరకి రాదు. రేపు ఏదన్నా అయితే కంపెనీవాళ్ళు మొదట అడిగేదే, ఏం చేస్తుండగా పడ్డాడూ అని. కుర్చీలోంచి పడి కాలూ చెయ్యీ నడుమూ విరిగాయని చెప్పమంటావా?"

"ఎత్తు కుర్చీ అని చెప్పు."

అక్క చేతిలో ఉన్న గరిటె బల్ల మీద ఠంగుమంది. "కట్టేది నేను కడతాను, ఎక్కువైతే ఎక్కువే కడతాను. ఉన్నదున్నట్టు చెప్పడానికి ఏం రోగం మీకు?"

"నువ్వుండవే. వాడికేం తెలుసు?"

"నాకు తెలియకపోతే నన్నెందుకు పిలిచారు?" అని తమ్ముడు లేచాడు. "అక్కా, అబద్ధం రాయించుకుని ధీమాగా ఉండటం కంటే అసలు లేకపోవడమే నయం. కనీసం భయమన్నా ఉంటుంది. ఈయనకి నిజం చెప్పాలని బుద్ధి పుట్టినప్పుడు ఫోన్ చెయ్యి. ఈలోపు ఆ బెల్టన్నా పెట్టించు."

బెల్టు కథ వేరు. భుజాల మీదుగా, తొడల చుట్టూ బిగించుకుని, తాడు ఒక గట్టి స్తంభానికి కట్టుకునే మంచి బెల్టు ఒకటి అక్క తనే వెళ్ళి, తన ఒంటికి వేసుకు చూసి మరీ కొనుక్కొచ్చింది. బల్లి ఒక్కసారి వేసుకుని, చంకల్లో చక్కిలిగిలి పెడుతోందని విప్పి పడేశాడు. బీమా గొడవైన ఆదివారం రాత్రి మాత్రం అక్క అన్నం ముందు కూర్చోకుండా అలిగేసరికి, "సరేనే తల్లీ, రేపట్నుంచీ ఆ బెల్టు లేకుండా గోడెక్కితే ఒట్టు!" అన్నాడు.

మర్నాటి నుంచి రోజూ బెల్టు సంచిలో పెట్టుకుని వెళ్ళేవాడు. సాయంత్రం అది ఇటుక పొడి కొట్టుకుని, మెలికలు పడి వచ్చేది. అక్క దాన్ని దులిపి కొక్కేనికి తగిలిస్తూ, మొగుడికి బుద్ధొచ్చిందని తనలో తనే మురిసిపోయేది. బీమా సంగతి కూడా మెల్లిగా దారికి తేవచ్చనుకుంది. పాపం.

అలా ఉండగా ఒక కళ్ళద్దాల షాపు బోర్డు వచ్చింది. మూడో అంతస్తు ఎత్తున, మంచమంత మంచమంత అద్దాలతో ఒక పెద్ద కళ్ళజోడు ఇనప ఫ్రేము, దాని కింద అక్షరాలు. కళ్ళజోడు ముందే బిగించాడు. ఆ రోజు అక్షరాలు పెట్టడానికి వెళుతూ, చివరి అక్షరం ‘లు’ వర్క్‌షాపు బల్ల మీదే మరిచిపోయి పోయాడు. డ్రిల్లు మాత్రం మరిచిపోలేదు. అది ఎప్పుడు మరిచాడు గనక?

అక్క తిట్టుకుంటూ ఆ ‘లు’ని చంకలో ఇరికించుకుని బయల్దేరింది. ఆవిడ నడుము దాకా ఉంది అది. బస్సులో పక్క సీటామె దాని మీద చెయ్యి ఆనించుకుని కునుకు కూడా తీసింది.

షాపు ముందు దిగి, తల పైకెత్తి చూసింది అక్క.

బల్లి కళ్ళజోడు ఎడమ అద్దం చట్రం మీద ఒంటికాలి మీద నిలబడి ఉన్నాడు. ఒక చేత్తో ఫ్రేము పట్టుకున్నాడు. రెండో చేత్తో డ్రిల్లు. మూడో అంతస్తు కిటికీలోంచి వచ్చిన తాడు తిన్నగా వచ్చి బెల్టులో కలుస్తోంది. బెల్టు ముచ్చటగా, ఎక్కడా వదులు లేకుండా, అన్ని బకిల్సూ పెట్టి బిగించి ఉంది.

డ్రిల్లు చుట్టూ.

మనిషి చుట్టూ ఏమీ లేదు. చొక్కా ఉంది, గాలికి ఎగురుతోంది.

అక్క నోరు తెరిచింది, గట్టిగా మూసుకుంది. ఇప్పుడు అరిస్తే ఆయన ఉలిక్కిపడతాడు. ఉలిక్కిపడితే పడతాడు. ఇన్నాళ్ళ కాపురంలో ఆ మనిషిని అంతగా తిట్టాలని ఎప్పుడూ అనిపించలేదు, తిట్టడానికి వీల్లేకుండా ఎప్పుడూ ఇరుక్కోలేదు.

షాపు వాచ్‌మన్ ఫోను చూసుకుంటున్నాడు. "అన్నా, ఆ బోర్డు కింద నుంచి మనుషుల్ని పోనివ్వకు. ఒక్కణ్ణి కూడా. కుర్చీ అడ్డం పెట్టు, తాడు కట్టు, ఏదో ఒకటి చెయ్యి," అని గొంతు తగ్గించి చెప్పి, ‘లు’తో సహా మెట్లెక్కింది. దారి పొడుగునా మొగుడి మీద ఉన్న కోపమంతా మెట్ల మీదే తొక్కింది.

కిటికీ దగ్గరికి వెళ్ళేసరికి ఆవిడ మొహం మీద నవ్వుంది. ఆ నవ్వు తెచ్చుకోవడానికి పళ్ళు ఎంత నూరిందో ఆవిడకే తెలుసు.

"ఏవండీ," అంది మెత్తగా.

"వచ్చావా? ‘లు’ తెచ్చావా?"

"తెచ్చాను. కాస్త చట్రం మీద కూర్చోండి, అందిస్తాను. ముందు ఆ డ్రిల్లిటివ్వండి, అడ్డంగా ఉంది."

పెళ్ళాం అంత మెత్తగా మాట్లాడితే అనుమానం రావాలి ఎవడికైనా. ఆయనకి రాలేదు. బుద్ధిగా అద్దం చట్రం మీద కూర్చుని, బెల్టుతో సహా డ్రిల్లు అందించాడు. అక్క బెల్టు విప్పి, డ్రిల్లుని కిటికీ గట్టు మీద పెట్టింది. ఒంగి, ఆయన భుజాల మీదుగా బెల్టు వేసింది. తొడల చుట్టూ బిగించింది. లోపల తాడు కట్టిన ఇనప స్తంభాన్ని మరోసారి లాగి చూసుకుంది.

"హీహీ, ఏంటే ఇది, చక్కిలిగిలి..."

చివరి బకిల్ టక్కుమంది. అప్పుడు వదిలింది అక్క నోరు.

"సిగ్గుందా నీకు? ఊరందరికీ రబ్బరు చాపలు వేయించావే, దిక్కుమాలిన మనిషీ! ఒట్టు వేసి చెప్పావు కదరా నాకు! డ్రిల్లుకి బెల్టు కట్టి నువ్వు గాల్లో ఊగుతావా?"

మీరు నువ్వైంది, నువ్వు రా దాకా వచ్చింది. కింద వాచ్‌మన్ ఫోను జేబులో పెట్టేసుకున్నాడు.

"బెల్టు లేకుండా ఎక్కనన్నాను, ఎక్కలేదు కదే!" అన్నాడు బల్లి. "చెయ్యి జారితే మెషిన్ పోతుందని..."

చేతులు ఊపి చెబుతున్నాడు. మోచెయ్యి గట్టు మీద డ్రిల్లుకి తగిలింది. డ్రిల్లు ఒకసారి ఊగి, గట్టు దాటింది.

"నా డ్రిల్లు!"

కూర్చున్నవాడు కూర్చున్నట్టే దాని వెనకాల దూకాడు బల్లి. ఆలోచన లేదు, పాడూ లేదు. రెండు చేతులూ వదిలేసి దూకాడు. తాడు ఫట్టుమని బిగిసింది. ఇనప స్తంభం కిర్రుమంది. కింద ఖాళీగా ఉన్న పేవ్‌మెంటు మీద డ్రిల్లు ముక్కలైన చప్పుడు వినిపించింది.

అక్క కళ్ళు మూసుకుంది. తెరిచేసరికి ఆయన కళ్ళజోడుకి కాస్త కింద, ఆరేసిన లుంగీలా వేలాడుతున్నాడు. మొహంలో నెత్తురు చుక్క లేదు.

"ఏమే," అన్నాడు సన్నగా. "పట్టుకుంది."

అక్క రెండు చేతులతో తాడు పట్టుకుని లాగింది. ఆయన చట్రం అందుకుని మళ్ళీ ఎక్కి కూర్చున్నాడు. కిటికీ లోపలికి రావడానికి ఒక కాలు ఎత్తబోయాడు.

అక్క కిటికీకి అడ్డంగా నిలబడింది. ఫోను తీసి, తమ్ముడికి కలిపి, స్పీకరు పెట్టి ఆయన మొహం ముందు పట్టుకుంది.

"వీడికి చెప్పండి. మీరేం పని చేస్తారో చెప్పి లోపలికి రండి."

"ఏంటక్కా, ఎక్కడున్నారు?" అన్నాడు తమ్ముడు.

బల్లి పెళ్ళాం మొహం చూశాడు. బెల్టు చూసుకున్నాడు. కింద డ్రిల్లు ముక్కల చుట్టూ తిరుగుతున్న వాచ్‌మన్‌ని చూశాడు. ఇన్నాళ్ళూ నీళ్ళు నమిలిన మాట నోట్లోంచి ఊడిపడింది.

"ఒరేయ్ బామ్మర్దీ. ఎత్తైన గోడలెక్కి బోర్డులు బిగిస్తానురా నేను. రోజూ అదే పని. ఉన్నదున్నట్టు రాసుకో."

"రాసుకున్నాను. కానీ బావా, ఈ పాలసీ కంపెనీవాళ్ళు ఒప్పుకున్నాకే మొదలవుతుంది. అప్పటిదాకా గోడెక్కకు. ఎక్కితే బెల్టు నీకే కట్టుకో. బీమా ఉన్నా కట్టుకో. పడ్డాక వచ్చే డబ్బుతో నడుం అతకదు."

అక్క పక్కకి జరిగింది. బల్లి లోపలికి దిగి నేల మీద చతికిలబడ్డాడు. బెల్టు విప్పలేదు. చక్కిలిగిలి మాటే ఎత్తలేదు.

కాసేపటికి ఫోను దగ్గరికి జరిగాడు. "ఒరేయ్, డ్రిల్లు పడిపోయింది. దానికి బీమా ఉంది కదా?"

"అది దొంగతనానికి బావా. పడితే రాదు. తీసుకున్న రోజే చెప్పాను. నువ్వు దానికి ఫోటో తీస్తున్నావు, వినలేదు."

"మరి ఇప్పుడు నాకు తీసుకునేది?"

"పడితేనే వస్తుంది."

"దొంగతనానికి రాదా?"

"మిమ్మల్ని ఎవడెత్తుకుపోతాడండీ!" అంది అక్క. అప్పటిదాకా బిగపట్టిన ఏడుపు ఆ మాటతోనే బయటికి వచ్చింది. కొంగుతో మొహం తుడుచుకుని, గోడకి ఆనించిన ‘లు’ని చంకలో పెట్టుకుని మెట్ల వైపు నడిచింది.

"అక్షరం తీసుకుపోతున్నావేంటే? బోర్డు సగంలో ఉంది!"

"ఉండనీ. పాలసీ వచ్చాక తెస్తాను."