న్యూట్రల్ వేసే చెయ్యి

దశరథ్ నడిపే చిన్న కరెంటు కారులో మేం నలుగురం వెళ్తాం. అమీన్‌పూర్‌లో ఎక్కించుకుని పాశమైలారంలోని మందుల ఫ్యాక్టరీ గేటు దగ్గర దించుతాడు. ముందు సీటు నాగరత్నం గారిది. ప్యాకింగ్‌లో మా అందరికంటే పెద్దావిడ, కోస్తా వైపు నుంచి వచ్చి ఇక్కడే స్థిరపడింది. నాది వెనక మధ్య సీటు. అక్కడ ఎవరితో మాట్లాడకపోయినా గడిచిపోతుంది. మీటరు, గేరు తిప్పే గుండ్రటి మీట, డ్రైవర్ చేతులు అన్నీ కనిపిస్తాయి.

దశరథ్‌ది కర్దనూర్. వాళ్ల నాన్న ఇంకా వరి వేస్తాడు. ఇతను మాత్రం ఇరవై ఏళ్లు సరుకులు మోసే డీసీఎం లారీ నడిపాడు. దిగుడు వస్తే న్యూట్రల్, దూరంగా ఎర్ర లైటు పడితే న్యూట్రల్. అలా మిగిల్చిన డీజిల్ డ్రైవర్‌ది. బండిని అలా జార్చడం రానివాణ్ణి వాళ్లలో డ్రైవర్ అనరు. డీసీఎం అమ్మి ఈ కారు కొన్నా ఎడమ చెయ్యి ఆ పని మానలేదు.

రాత్రంతా ఇంటి ప్లగ్గుకు పెడితే పొద్దునకి చార్జింగ్ నిండేది. పచ్చ లైటు పడగానే బైకులను దాటి ఉరికేది కారు. కానీ రెండు షిఫ్టులు తిప్పేసరికి మీటరు ఎర్రబడేది. ఇస్నాపూర్ చార్జింగ్ స్టేషన్‌లో ఎప్పుడూ క్యాబులు వరసకట్టి ఉంటాయి. అందుకని ఎండల్లో కూడా ఏసీ వేసేవాడు కాదు. ఫోన్ చార్జింగ్ పెట్టబోతే వద్దనేవాడు. మా ఫోన్లు కారును తాగేస్తాయా అని నాగరత్నం గారు దెప్పేది.

ఏప్రిల్‌లో ఒకరోజు ఇస్నాపూర్ దాటాక చార్జింగ్ అయిపోయి కారు ఆగిపోయింది. మేం ఎండలో నడిచి షిఫ్టుకు ఆలస్యంగా చేరాం. ఇంకోసారి ఆగితే కాంట్రాక్టు డీజిల్ బండికి ఇస్తానని ట్రాన్స్‌పోర్ట్ చూసే రాజశేఖర్ సార్ చెప్పేశాడు. దశరథ్‌కు ఈ కాంట్రాక్టు తప్ప వేరే ఆధారం లేదు.

ఆ వారంలోనే ఇంటి దగ్గర బర్రె తాడు లాగడంతో అతని ఎడమ మణికట్టు వాచింది. కట్టు కట్టుకుని, గేర్లు మార్చే పని లేదు కదా అని కుడి చేత్తోనే నడిపాడు. ఆ రోజు దిగుడులో మీటరు మీద చార్జింగ్ అంకె ఒకటి పెరగడం చూశాను. గేటు దగ్గరికి వచ్చేసరికి రోజూ కంటే చాలా మిగిలి ఉంది. నాగరత్నం గారి చెవిలో చెప్పాను. ఆమె తన మాటగా అందుకుంది.

"ఏమయ్యా దశరథూ, మీటరు చూశావా?"

"ఖరాబైనట్టుందమ్మా. గింత చార్జింగ్ ఎట్ల మిగుల్తది?"

"మీటరుకేం కాలేదు. ఇవాళ నీ ఎడం చెయ్యి ఊరుకుంది, అంతే."

"గేర్ల ఉంటే ఎక్కువ కాలుతది గదమ్మా."

"కాలడానికి ఇందులో డీజిలేమైనా పోశావా?"

గేరులో ఉంచి యాక్సిలరేటర్ మీంచి కాలు తీస్తే చక్రాలే బ్యాటరీకి కరెంటు తిరిగి పంపుతాయని కొన్నప్పుడే షోరూంలో అతనికి చెప్పారట. అమ్ముకునేవాళ్ల మాటలనుకున్నాడట. కట్టు విప్పాక ఒకరోజు న్యూట్రల్‌తో, ఒకరోజు గేరులోనే నడిపి చూసుకున్నాడు. ఆ తర్వాత ఏసీ వేశాడు.

రాజశేఖర్ సార్ ఒక మధ్యాహ్నం స్వయంగా కారెక్కాడు. నాగరత్నం గారు వెనక మా పక్కకి సర్దుకుంది. పటాన్‌చెరు సిగ్నల్ కనబడగానే దశరథ్ ఎడమ చెయ్యి మీట దాకా వెళ్లి ఆగింది. ఆ చేతిని తొడ కింద పెట్టుకున్నాడు. గేటు దగ్గర సార్ మీటరు వైపు వంగి చూసి, "సరే, నడిపించు" అని దిగిపోయాడు.

దశరథ్ వెనక్కి తిరిగి నాగరత్నం గారిని అడిగాడు.

"ఇరవై ఏండ్లు నేర్సుకున్నదంతా వట్టిదేనా అమ్మా?"

"డీసీఎంకి వట్టిది కాదులే."

"గిప్పుడు డీసీఎం లేదు గద" అన్నాడు. మమ్మల్ని దించి, షిఫ్టు దిగినవాళ్లను ఎక్కించుకోవడానికి కారు తిప్పాడు.