కొండ ఫోటోకు నేను పెట్టిన వంక

ఆత్మకూరు హైస్కూల్లో సైన్సు మేష్టరుగా చేరిన రెండో ఏడు నెల్లూరులో ఒక పాత బాక్సు కెమెరా కొన్నాను. బొగ్గు బస్సులు పోయి పెట్రోలు బస్సులు తిరుగుతున్న కొత్త రోజులవి. మా ఊరి ఆసుపత్రి కాంపౌండరుకు అప్పటికే ఒక కెమెరా ఉంది. ఉదయగిరి పోస్టుమాస్టరుకు ఇంకొకటి. ముగ్గురిలో ఎవరికీ గురువంటూ లేడు. రీలు పూర్తయితే బస్సులో నెల్లూరు స్టూడియోకు పంపి, అరచేయంత ప్రింట్లు తిరిగొచ్చేదాకా దారి చూసేవాళ్లం. నెలకొక ఆదివారం కాంపౌండరు ఇంట్లో వాటిని చాప మీద పరుచుకుని, ఒకరి ఫోటోలకు ఒకరం తప్పొప్పులు చెప్పుకునేవాళ్లం.

తప్పులు పట్టడంలో నాకు నోరెక్కువ. పరీక్ష పేపర్లు దిద్దే అలవాటు వల్ల కాబోలు, చేతిలో లేని ఎర్ర సిరా నాలుక మీద ఉండేది.

ఒక ఆదివారం పోస్టుమాస్టరు ఉదయగిరి కొండ ఫోటో తెచ్చాడు. సరైన ఎండ కోసం నాలుగు ఉదయాలు కాచుకున్నాడట. జేబురుమాల్లో చుట్టి తెచ్చిన ప్రింటును రెండు చేతులతో చాప మీద పెట్టాడు.

"ఏందయ్యా ఇది? ముప్పాతిక ఆకాశమే ఉండాది. కొండ ఏడ? ఈ చీమ తలకాయేనా?" అన్నాను.

కాంపౌండరు పకపకా నవ్వాడు. పోస్టుమాస్టరు కూడా నవ్వాడు గానీ, ప్రింటును మళ్లీ రుమాల్లో చుట్టేసుకుని మధ్యాహ్నం బస్సుకే వెళ్లిపోయాడు.

పై నెల రాలేదు. ఆ పై నెలా రాలేదు. ఉత్తరం రాస్తే జవాబు లేదు. పోస్టుమాస్టరే జవాబు రాయకపోతే ఇంకేమనుకోవాలి! కాంపౌండరు నన్ను పట్టుకుని, "నువ్వన్న మాటకే మొగం చాటేసినాడు. నవ్వినందుకు నాకూ పాపం ఉండాది. పోయి పిల్చుకోని రా" అన్నాడు.

శనివారం ఒంటిపూట బడి అయిపోగానే బస్సెక్కాను. సంచిలో నా ప్రింట్లు కొన్ని పెట్టుకున్నాను. వాటిలో ఒకటి, అంతవరకూ ఎవరికీ చూపించనిది.

పోస్టుమాస్టరు ఇంటి ముందు అతని తల్లి చేటలో కందులు చెరుగుతోంది. "ఆత్మకూరు నుంచి వచ్చినాను పెద్దమ్మా" అన్నానో లేదో, చేట పక్కన పెట్టింది.

"నువ్వేనా నాయనా, చీమ తలకాయ అనిన సారువి?"

చెప్పులు విప్పుతూ తలూపాను.

"బాగలేదంటే బాగలేదు, దానికేం? ఎట్ట తీస్తే బాగుంటాదో చెప్పినావా మా వోడికి?"

"చెప్పలేదు పెద్దమ్మా."

"మరింక నువ్వు చెప్పిందేంది?"

బడికి వచ్చిన ఏ ఇన్‌స్పెక్టరూ నన్నంత సూటిగా అడిగి ఉండడు. అంతలో పోస్టుమాస్టరు బజారు నుంచి వచ్చాడు. "రాండి సార్" అన్నాడు. ఎప్పుడూ 'నువ్వు' అనే మనిషి అలా పిలిచేసరికి నా ప్రాణం చివుక్కుమంది. ఎలా మొదలుపెట్టాలో తెలియక, దాచుకున్న ఆ ఫోటో తీసి అతని చేతిలో పెట్టాను.

అది మా హెడ్మాస్టరును కుర్చీలో కూర్చోబెట్టి తీసిన ఫోటో. తీశాక రీలు తిప్పడం మరిచిపోయి, సాయంత్రం దాని మీదే ఒక దున్నపోతును తీశాను. ప్రింటులో హెడ్మాస్టరు తలపాగాతో, బుర్రమీసాలతో, చేతికర్రతో సహా దున్నపోతు వీపు మీద ఠీవిగా కూర్చుని ఉన్నాడు.

పోస్టుమాస్టరు కాసేపు నవ్వు బిగబట్టాడు. తర్వాత "యమధర్మరాజే!" అంటూ అరుగు మీద కూలబడి కళ్లనీళ్లు కారేలా నవ్వాడు. తల్లి కూడా తొంగిచూసి, "పాశం ఒక్కటే తక్కువ నాయనా!" అన్నది.

"ఇంతకాలం దీన్ని ఎందుకు దాచినావయ్యా?" అన్నాడు పోస్టుమాస్టరు.

"ఎదుటోళ్ల తప్పులు చూపించేదానికే పొద్దు చాల్లేదు. నాది పొరపాటు. నీ కొండను ఇంకోసారి చూపించు" అన్నాను.

తెచ్చాడు. ఈసారి నోరు మూసుకుని చాలాసేపు చూశాను. ఎక్కడ నిలబడి తీశావని అడిగాను. పోస్టాఫీసు మిద్దె మీదట. ఏం చూపించాలనుకున్నావని అడిగాను.

"పొద్దున్నే కొండమీది కోట గోడ మీద ఎండ పడతాదే, అది" అన్నాడు.

కళ్ల దగ్గర పెట్టుకుని చూస్తే నిజంగానే ఉంది. గోడ అంచున జరీ పోగులా సన్నటి మెరుపు. నేను అసలు చూడనేలేదు. "ఎండను పట్టుకున్నావు. ఇంక దగ్గరికి పోవాల, అంతే" అన్నాను.

"దగ్గరికి పోతే కొండ ఎంత పెద్దదో ఎట్ట తెలుస్తాది?"

జవాబు తల్లే చెప్పింది. "ముందర ఎవుర్నన్నా నిలబెట్టండ్రా. పక్కన మనిషి ఉంటేనే గదా కొండ ఎంతో తెలిసేది. పొద్దున నేనే వస్తా పదండి."

మర్నాడు ఉదయం ముగ్గురం కొండ కిందికి నడిచాం. ఆమె కొంగు బిగించి, నడుం మీద చెయ్యి పెట్టుకుని నిలబడింది. "నా కాళ్లు తెగ్గొట్టబాకండి" అని హెచ్చరించింది. ఎండ గోడను తాకేవరకూ ఆగి, పోస్టుమాస్టరు మీట నొక్కాడు.

ఆ ప్రింటు పట్టుకుని అతనే ఆత్మకూరు వచ్చాడు. నిండు పాదాలతో తల్లి, ఆమె వెనక ఆకాశాన్ని పైకి నెట్టేస్తూ కొండ, అంచున వెలుగుతున్న గోడ. కాంపౌండరు దాన్ని చేతిలోంచి దించలేదు. "అమ్మ మొగం కొంచెం నీడలో పడింది. ఇంకాస్త పక్కకు తిప్పివుంటే ఇంకా బాగుండు" అన్నాడు చివరికి. పోస్టుమాస్టరు సంతోషంగా తలూపి, ఆ మాట చిన్న పుస్తకంలో రాసుకున్నాడు.

ఆ ఏడే కాంపౌండరు భార్య కూడా కెమెరా పట్టింది. ఆమె మొదటి రీలులో ఎనిమిదింటికి ఏడు చెడిపోయాయి. మిగిలిన ఒక్కదాంట్లో మేం ముగ్గురం చాప మీదికి వంగి ఉన్నాం.

"మొగాలు ఒకటీ పడలేదమ్మా. ఈసారి ముందు నుంచి తియ్యి" అన్నాను.

"మీ మొగాలు నెలనెలా చూస్తానే ఉండాను గదన్నా. మీరు ఎట్ట ఒంగి చూస్తారో అది తీసినాను."

ఆమె ఏం తీయాలనుకుందో ముందే అడగనందుకు పోస్టుమాస్టరు నా వీపు మీద ఒక్కటి చరిచాడు. నలుగురం నవ్వుకున్నాం. ఆ నవ్వు ఆగకముందే ఆమె, కొత్త రీలు ఎక్కించమని కెమెరా నా చేతికిచ్చింది.