పెదవి కదపని పరీక్ష

బిల్హా నుంచి తెల్లవారు లోకల్లో వచ్చి బిలాస్‌పూర్‌లో దిగాను. ఏప్రిల్ నెల. ఆరు దాటిందో లేదో, ప్లాట్‌ఫారం మీద అప్పుడే ఉక్క. నా సామాను ఒక బియ్యం మూట, ఆవకాయ జాడీ, పక్కబట్టలకు పాత చీరలు నాలుగు, ఒక తాటాకు విసనకర్ర, నా స్టీలు గ్లాసు. ఆటోవాడు చెప్పిన రేటు విని మూట నెత్తిన పెట్టుకున్నాను. రైల్వే కాలనీ దారి నాకు కొత్త కాదు. మా ఆయన ఉద్యోగమంతా ఆ క్వార్టర్ల మధ్యనే గడిచింది. రిటైరయ్యాక బిల్హాలో రెండు గదులు వేసుకుని వెళ్లిపోయాం. ఆయన జీవితమంతా డ్యూటీ చేశారు. నేను గడప దాటి చేసిన డ్యూటీ ఇదొక్కటే. ఏం జరిగిందని మా వీధిలో ఇప్పటికీ అడుగుతారు. నా చదువు రెండో తరగతి. చూసింది చూసినట్టు చెప్పడమే వచ్చు.

తలుపు మా అమ్మాయి తీసింది. చంకలో ఏడు నెలల పిల్ల. చెవిలో వైరు. కళ్లు వెనక గదిలోని కంప్యూటరు మీద.

"వచ్చీసినావా అమ్మా. మూట అక్కడెట్టు. మాటాడకు. క్లాసు నడుస్తంది."

పిల్లని నా చేతిలో పెట్టి వెళ్లి కూర్చుంది. ఆరు నెలల తర్వాత కనబడిన తల్లితో మాట్లాడకు అంది. నేను మూటతో పాటు గుమ్మంలోనే నిలబడిపోయాను. ఆ ఇంట్లో నాకు తగిలిన దెబ్బల్లో అది చాలా చిన్నది.

సంగతి తర్వాత చెప్పింది. తను ఒక గోదాముల కంపెనీలో కాంట్రాక్టు ఉద్యోగి. సిమెంటు, ఎరువులు, సబ్బులు, బిస్కట్లు వచ్చి దిగుతాయి, మళ్లీ లారీలెక్కి వెళ్తాయి. జూన్‌తో కాంట్రాక్టు అయిపోతుంది. సప్లై చైన్ మేనేజ్‌మెంట్ అనే సర్టిఫికెట్ ఉన్నవాళ్లనే పర్మనెంట్ చేస్తారట. లేనివాళ్లు ఇంటికి. పరీక్ష రాయడానికి రెండే అవకాశాలు. అందుకే నాకు పిలుపు వచ్చింది.

ఆర్డర్లు నోటితోనే ఇచ్చింది. తెల్లవారుజామున అయిదు నుంచి ఏడు వరకు క్లాసు. ఆ వేళలో మిక్సీ తిరగకూడదు, కుక్కరు కూయకూడదు. తొమ్మిదికి తను గోదాంకి పోతుంది. సాయంత్రం మళ్లీ చదువు. పాప నాది, వంట నాది. అల్లుడుగారు గూడ్సు బండికి అసిస్టెంట్ డ్రైవరు. ఆయన ఎప్పుడు వెళ్తారో ఎప్పుడు వస్తారో ఆయనకే తెలియదు. ఆయన్ని లెక్కలోకి తీసుకోవద్దంది.

ఒకరోజు పప్పు ఏరుతూ అడిగాను. "ఇంతకీ ఏటే ఆ చదువు?"

"సరుకు పుట్టినకాడినుంచి వాడే మనిషి చేతిలోకి వెళ్లేదాకా దారి చూసుకునే చదువు. ఎంత తెప్పించాలి, ఎప్పుడు తెప్పించాలి, ఎక్కడా ఊరికే ఆగిపోకూడదు."

"ఆగితే?"

"నష్టం. ఊరికే పడున్న సరుకు జబ్బులాటిదని మా సార్ చెప్తారు. బిల్హాలో నీ డబ్బాలనిండా ఉంది చూడు బియ్యం, కందిపప్పు, అదంతా మా పుస్తకంలో తప్పే."

చేతిలో చాట అలాగే ఉండిపోయింది. నలభై ఏళ్లు డబ్బా అడుగు కనబడకుండా సంసారం నడిపాను. దాన్ని జబ్బు అని ఎవరో కంప్యూటరులోంచి చెబితే నా కడుపున పుట్టింది రాసుకుంటోంది.

"బళ్లు ఆగిపోయిన రోజున ఆ పుస్తకం వండుకుని తినండే మీరూ, మీ సారూ."

"అచ్ఛా, దానికీ ఒక పాఠం ఉందిలే," అని నవ్వింది.

నవ్వడం ఆ వారంలో అదే ఆఖరు. చదువులో సగం లెక్కలే. రోజుకి ఎన్ని బస్తాలు పోతాయి, లారీ రావడానికి ఎన్ని రోజులు, ఎన్ని మిగిలినప్పుడు కబురు పెట్టాలి. ఆ లెక్కల దగ్గర మా అమ్మాయి గట్టిది. చదివింది హిందీ బడి, చేసేది ఇంగ్లీషు పని. తెలుగు అక్షరాలు కూడబలుక్కోవాలి. అయినా లెక్క మాత్రం తెలుగులోనే, పైకి చెబుతూనే చేస్తుంది. ఏడెనిమిదులు యాభయ్యారు, ఎనిమిదెనిమిదులు అరవై నాలుగు. నా రెండో తరగతిలో నాకు మిగిలిన ఆస్తి ఆ ఎక్కాలు. పక్కనే ఉన్న మా పాత క్వార్టర్లో దీనికి ఆరేళ్లున్నప్పుడు బియ్యం చెరుగుతూ వల్లె వేయించాను. నోరు మూసుకుని చేసిన లెక్కని మా ఇంట్లో ఎవరూ నమ్మరు. గోదాంలో బస్తాలు కూడా ధాన్యం కొలిచేవాళ్లలాగ, ఒకటి అనకుండా లాభం, రెండు, మూడు అని లెక్కపెడుతుందట. హమాలీలు దీనికి లాభం మేడమ్ అని పేరు పెట్టారు.

మొదటి పరీక్ష ఇంట్లోనే, కంప్యూటరు ముందే. ఎక్కడో కూర్చున్న మనిషి కెమెరాలోంచి కాపలా కాస్తాడు. అతని గొంతు కంప్యూటరులోంచి హిందీలో వచ్చింది. బల్ల కింద చూపించండి. గోడలు చూపించండి. క్యాలెండరు తీసెయ్యండి. దేవుడి పటం వెనక ఏముందో తిప్పి చూపించండి. కూలరు ఆపండి, మాటలు వినబడవు. మా అమ్మాయి దేవుడి పటం వెనకభాగం కెమెరాకి చూపిస్తుంటే నేను కళ్లు మూసుకున్నాను. మొహం మీద వెలుగు పడాలన్నాడు. బల్లని కిటికీకి ఎదురుగా జరిపింది. ఆ తర్వాత నన్నూ పాపనీ బయటికి పంపి గడియ పెట్టుకుంది. మూడు గంటల పరీక్ష. ఎవరూ లోపలికి రాకూడదు. తను లేవకూడదు.

నేను పెరట్లో నీడన కూర్చుని పాపకి ఉగ్గు కలుపుతున్నాను. ఉగ్గు చల్లారలేదు, తలుపు తెరుచుకుంది. అమ్మాయి గుమ్మంలో నిలబడింది. మొహం సున్నం కొట్టినట్టుంది.

"కరెంటు పోయిందేటే?"

"కట్ చేసీసాడు."

"ఏటి?"

"పరీచ్చ. కట్ చేసీసాడు. నోరు కదుపుతున్నానట. మూడుసార్లు చెప్పాడు."

"నోరు కదిపితే ఏటి?"

"ప్రశ్నలు పైకి చదివి ఎవులికో వినిపిస్తన్నాననుకుంటారు. రూలు అది. స్క్రీన్ మీద లెక్కలు కట్టే బొమ్మ ఉంది. నేను అది నొక్కేలోపే నా నోరు చెప్పీస్తంది, అమ్మా. నాకు తెలీనే తెలీదు."

దొంగతనం చేయలేదు. పక్కవాళ్లది చూడలేదు. సరైన లెక్క, సరైన జవాబు, నోటితో అనుకున్నందుకు మనిషిని బయటికి తోసేశారు. చేతిలో ఉగ్గు గిన్నె పాప లాగేసి తన మీదే ఒంపుకుంది. నేను చూస్తూనే ఉన్నాను, ఆపలేదు.

అల్లుడుగారు మర్నాడు లైను నుంచి దిగారు. యూనిఫారం మీదే వంటగది గడప మీద కూర్చుండిపోయారు.

"ఏటత్తయ్యా ఇది! మా ఇంజన్లో సిగ్నలు కనబడితే నేను గట్టిగా చెప్పాలి. డ్రైవరు మళ్లీ గట్టిగా చెప్పాలి. నోరు మూసుకుని కూర్చుంటే మెమో. దీనికి నోరు తెరిస్తే మెమోనా?"

"మీరే ఏటైనా ఉపాయం చెప్పండి బాబూ."

"నోటికి బ్రేకు ఉండదు కదా అత్తయ్యా."

మిగిలింది ఒక్క అవకాశం. మే నెల మూడో వారం. ఆ సాయంత్రం నుంచే ఇంట్లో డ్రిల్లు మొదలైంది. అమ్మాయి లెక్కలు చేస్తుంది. నేను ఎదురుగా పీట మీద కూర్చుని దాని మూతి చూస్తాను. పెదవి కదిలితే గరిటెతో పళ్లెం మీద కొడతాను. మొదటి సాయంత్రం పళ్లెం సొట్ట పోయింది. లవంగం పెట్టుకోమన్నాను. పంటి కింద ఏమీ ఉండకూడదని వాళ్ల ట్రైనర్ ఫోనులో చెప్పాడు. నీళ్లు పుక్కిట పట్టమన్నాను. ఎంతసేపు పడుతుంది, మింగేసింది. మే ఎండకి గోడలు కాలుతున్నాయి. పరీక్షలో కూలరు ఉండదు కాబట్టి డ్రిల్లులోనూ వద్దంది. చెమట పుస్తకం మీద పడుతోంది.

ఒక మధ్యాహ్నం పాపని నిద్రపుచ్చి వచ్చి చూస్తే, మూతికి అడ్డంగా మందుల షాపు ప్లాస్టరు అంటించుకుని కూర్చుని లెక్కలు చేస్తోంది. ఆ చెంప నుంచి ఈ చెంప దాకా. నేను గుమ్మంలోనే ఆగిపోయాను. చెయ్యెత్తి నన్ను దగ్గరికి రావద్దని సైగ చేసింది. గంట తర్వాత ఊడబీకితే మూతి చుట్టూ చర్మం ఎర్రగా లేచింది.

"పరీచ్చలో ఇది పెట్టుకోనివ్వరు కదే!"

"అలవాటవుద్దని."

"ఎక్కాలు నేను నేర్పినవి. సుబ్బరంగా నేర్పాను. అవి చెప్పినందుకు మూతికి పట్టీ ఏటే?"

"అమ్మా, ఈ ఉద్యోగం పోతే మళ్లీ గేటు దగ్గర చీటీలు రాసుకునే పనే. నాకు తెలుసు నువ్వు బాగానే నేర్పావని. వాడికి తెలీదు కదా."

కొబ్బరినూనె తెచ్చి రాశాను.

రెండో పరీక్ష రోజు పొద్దున్నే సెగ గాలి మొదలైంది. అల్లుడుగారికి ఆ రోజు రెస్టు. పాపని ఎత్తుకుని స్టేషన్ వైపు తీసుకుపోయారు. ఇంట్లో ఏడుపు వినబడకూడదని ఆర్డరు. నాకు కిటికీ బయట సందులో డ్యూటీ పడింది. కూరల బండి, పాత సామాను బండి, పిల్లల బంతి, ఏ చప్పుడూ ఆ పక్కకి రాకుండా చూడాలి. కంప్యూటరు వీపు కిటికీ వైపు, అమ్మాయి మొహం నా వైపు. కెమెరా దాన్ని చూస్తుంది, నన్ను చూడదు. అమ్మాయి కంట పడకుండా నేను పక్క గోడకి ఆనుకుని నిలబడ్డాను.

కూరలవాడు భోంగా మైకులో అరుచుకుంటూ వచ్చాడు. పరుగున వెళ్లి బండి పట్టుకున్నాను. "చుప్! ఆగే జా!" నోరు మూసుకుని ముందుకు పొమ్మన్నాను.

"కా హోగే దాయీ?" అన్నాడు గుసగుసగా. ఏమైందమ్మా అని. నా మొహం చూసి టోపీ తీసేశాడు. ఇంట్లో ఎవరో పోయారనుకున్నాడు. బండిని చప్పుడు కాకుండా నెట్టుకుంటూ వెళ్లిపోయాడు.

తిరిగి వచ్చేసరికి లోపల గొంతు వినబడింది. "మేడమ్, హోఠ్ మత్ హిలాయియే." పెదవులు కదపకండి అని. మొదటి హెచ్చరిక. పళ్లెం కొట్టడానికి లేదు. దగ్గడానికి లేదు. నా గొంతు కొంచెం వినబడినా నేనే దాని నోటికాడ కూడు లాగేసినట్టు.

ఎండ గోడ మీంచి నా వీపు మీదికి దిగింది. సగం పరీక్ష అయి ఉంటుంది. మళ్లీ అదే గొంతు. రెండోసారి. ఈసారి ఇంకో మాట కలిపాడు. మళ్లీ జరిగితే బంద్.

అప్పుడు తొంగి చూశాను. చూడకుండా ఉండలేకపోయాను.

అమ్మాయి ఒక్క క్షణం స్క్రీన్ వైపు చూసింది. తర్వాత కింది పెదవిని పళ్ల మధ్యకి తీసుకుంది. కొరికి పట్టింది. వేళ్లు మీటల మీద నడుస్తున్నాయి. కళ్లు ప్రశ్న మీద ఉన్నాయి. కాసేపటికి పళ్ల దగ్గర ఎర్రగా తడి కనబడింది. అది గడ్డం మీదికి జారింది. తుడుచుకోలేదు. చెయ్యి మొహం మీదికి వెళ్లకూడదన్నది కూడా రూలే. నేను అరవబోయాను. కొంగు నోట్లో కుక్కుకున్నాను. గోడకి ఇవతల నేనూ, అవతల అదీ, ఇద్దరం నోళ్లు మూసుకుని ఉన్నాం.

తలుపు గడియ తీసిన చప్పుడయ్యాక లోపలికి పరుగెత్తాను. జాకెట్టు మీద రెండు మచ్చలు. మాట ముద్దగా వచ్చింది.

"పాసైపోనానమ్మా. స్క్రీన్ మీద వచ్చీసింది."

"ముందు నోరు కడుక్కో."

నీళ్లతో కడిగి పంచదార అద్దాను. అల్లుడుగారు పాపతో లోపలికి వచ్చి, దాన్ని చూసి పాపని దించడం మరిచిపోయారు.

"ఏటిది? ఎవులు కొట్టీసినారు?"

"సప్లై చైను," అంది. నవ్వబోయింది. పెదవి మళ్లీ చిట్లింది.

జూన్ మొదటి వారంలో కంపెనీ కాగితం వచ్చింది. పర్మనెంట్. మర్నాడే నాకు రిలీవ్. అల్లుడుగారు లోకల్ ఎక్కించారు. బియ్యం సంచి ఖాళీ, జాడీ ఖాళీ, సొట్ట పోయిన పళ్లెం నాతో తెచ్చుకున్నాను. ఇంకా పనికొస్తుంది. బిల్హాలో దిగేసరికి మబ్బు పట్టింది. వీధి మొదట్లోనే పక్కింటావిడ ఆపింది.

"మీ పిల్ల పరీచ్చ గెలిచిందట కదా పిన్నీ! స్వీట్లేవి?"

బెల్లం ముక్క పెట్టాను. గెలిచింది నిజమే. జీతం వస్తోంది, పాపకి మంచి డాక్టరు ఉన్నాడు, అమ్మాయి ఫోనులో బాగానే మాట్లాడుతుంది. పెదవి మీద సన్నటి గీత మిగిలిందంతే. నేనూ మామూలుగానే వండుతున్నాను, తింటున్నాను.

చేతిలో పని ఆగిన వెంటనే మాత్రం ఆ కిటికీ వచ్చి నిలబడుతుంది. ఉక్క గది. కదలని కూలరు రెక్కలు. నా కూతురి మొహం నిండా వెలుగు. పళ్ల కింద పెదవి బిగుసుకుని ఉంది, గడ్డం మీద ఎర్ర చుక్క ఆగి ఉంది. ఆ కెమెరా చూడని చోట, గడ్డం కింద, అమ్మాయి గొంతు మాత్రం ఎక్కం చెబుతున్నట్టు పైకీ కిందికీ, పైకీ కిందికీ కదులుతూ ఉంది.