మావయ్య వయోలిన్‌కు కాపలాగా కూచిపూడి ప్రయాణం

నాది పుట్టు అనుమానం. పెట్రోలు బంకులో మీటరు సున్నాకి తిరిగిందో లేదో చూడకుండా బండి మూత తీయను, పండ్ల బండి దగ్గర కింది వరస తీయించి చూస్తాను. అలాంటి నాకు మా మేనమామ ఫోను చేసి, "అమ్మాయ్, వీళ్ళ వరస నాకేం బోధపడట్లేదే. ఒకసారి వచ్చి చూసిపోతావా?" అంటే ఊరుకుంటానా? పామర్రులో ఉండే మా మావయ్య నలభై ఏళ్ళుగా కూచిపూడి నాట్యానికి వయోలిన్ వాయిస్తున్నాడు. నాట్యబృందాలు పాటను పెన్‌డ్రైవ్‌లో తెచ్చుకోవడం మొదలుపెట్టాక ఆయనకు పిలుపులు తగ్గిపోయాయి. ఈమధ్య బెంగళూరు నుంచి ఒక బృందం వచ్చింది. మన సంగీతాన్నీ జాజ్‌నీ కలిపి వాయించేవాళ్ళు. ఆదివారం విజయవాడలో కచేరీ. మావయ్యను వయోలిన్‌కు అడిగి, కూచిపూడిలో ఒక హాలు అద్దెకు తీసుకుని రిహార్సల్ పెట్టారు. మొదటి రోజే ఆయన వాయించినదంతా రికార్డు చేసుకున్నారట. మర్నాటి నుంచి ఆయన్ని చూసి వాళ్ళలో వాళ్ళు ఏదో మాట్లాడుకుంటున్నారట. నాకు వెంటనే అర్థమైపోయింది. వయోలిన్ లాప్‌టాప్‌లోకి వెళ్ళిపోయింది, ఇక మనిషిని ఇంటికి పంపేస్తారు.

శుక్రవారం సెలవు పెట్టి, పొద్దున్నే విజయవాడ పెద్ద బస్టాండులో మచిలీపట్నం బస్సు ఎక్కాను. ఆధార్ చూపిస్తే ఆడవాళ్ళకు సున్నా టికెట్టు ఇస్తున్నారు, మగవాళ్ళకు కూడా వంద లోపే. కుడివైపు కిటికీ దొరికితే వదలకండి, పొద్దుటెండ తగలదు. కంకిపాడు దాటాక రెండువైపులా పొలాలే. ఉయ్యూరు మీదుగా గంటన్నరలో పామర్రు చేరాను. సెంటర్లో దిగి, పెసరట్టు ఉప్మా తిన్నాను. అల్లం చట్నీ నిన్నటిదేమోనని వాసన చూస్తుంటే పెనం దగ్గరున్న పెద్దమనిషి, "ఇప్పుడే రుబ్బిందేనండీ, అనుమానం వద్దు" అన్నాడు. నిజంగానే తాజాది. రెండోసారి కూడా వేయించుకున్నాను.

పామర్రు నుంచి కూచిపూడికి షేర్ ఆటోలో ఇరవయ్యో ముప్పయ్యో తీసుకుంటారు. నేను ఒక్కదాన్నే మాట్లాడుకుంటే నూట యాభై అడిగాడు. సరే అన్నాను, దారిలో నాలుగు మాటలు రాబట్టొచ్చని.

"ఆ ఇంగ్లీషు బాజాల వాళ్ళ దగ్గరికేనా అండీ? రోజూ నేనే దింపుతున్నాను వాళ్ళని" అన్నాడు డ్రైవరు.

"ఆటోలో ఏం మాట్లాడుకుంటారు?"

"నాకేం తెలుసండీ, అంతా ఇంగ్లీషు. మధ్యమధ్యలో వయోలిన్, వయోలిన్ అంటుంటారు."

"నవ్వుతూ అంటారా, మామూలుగానా?"

"నేను రోడ్డు చూసి నడుపుతానండీ."

హాల్లో మావయ్య కాక ముగ్గురున్నారు. లాప్‌టాప్ ముందు కూర్చున్న రోహన్, బెంగళూరులో పెరిగిన తెలుగు కుర్రాడు, బృందానికి పెద్ద తనే. శాక్సోఫోన్ వాయించే లియాది పోర్చుగల్. డ్రమ్స్ దగ్గర జానీ, విజయవాడ వన్‌టౌన్ మనిషి. వాళ్ళ తాతగారికి పెళ్ళి బ్యాండ్ ఉండేదట. నేను కావాలనే రోహన్ పక్కన కుర్చీ వేసుకున్నాను. అతని కుర్చీ కింద కవర్లో మడత విప్పని శాలువా కనిపించింది. మన దగ్గర కళాకారుడికి శాలువా కప్పి, నాలుగు మంచి మాటలు చెప్పారంటే ఇక విశ్రాంతి తీసుకోమని అర్థం. (తర్వాత తెలిసింది, అది లియా వాళ్ళమ్మ కోసం కొన్నదట.)

హిందోళంలో ఒక ముక్క అందుకున్నారు. చెప్పడం నాకిష్టం లేదు గానీ, శాక్సోఫోన్ మీద హిందోళం బాగుంది. కింది స్థాయిలో లియా పట్టిన గాంధారం గదంతా నిండింది. జానీ కర్రలు మెల్లగా కలిశాయి. ఇక మావయ్య అందుకోవాలి. అందుకున్నాడు, ఒక దెబ్బ ఆలస్యంగా. మళ్ళీ మొదలుపెట్టారు. మళ్ళీ అంతే. చిన్నప్పటి నుంచి వింటున్నాను, ఈయన తాళం తప్పడం నేనెరగను. వయసు మీదపడిందా అని భయం వేసింది. రోహన్ మాత్రం కళ్ళు మూసుకుని నవ్వుతున్నాడు. ఆ నవ్వు నాకు అస్సలు నచ్చలేదు.

మధ్యాహ్నం మెస్సు నుంచి క్యారేజీలు వచ్చాయి. దోసకాయ పప్పు వడ్డించుకుంటూ రోహన్ తనంతట తనే బయటపడ్డాడు. "ఆంటీ, సార్ అలా లేటుగా ఎంటరవడం భలే ఉంది. మొదటి రోజు రికార్డింగ్‌లో ఇంకా బాగా వచ్చింది. స్టేజి మీద అలాగే వస్తుందో లేదో అని, ఆ ట్రాకే ప్లే చేద్దామనుకుంటున్నాం. సార్ కూర్చుని వయోలిన్ మీద ఊరికే కమాను ఆడిస్తే చాలు."

ఇంటికి పంపేస్తారని నేననుకుంటే, ఇతను అందరి ముందూ కూర్చోబెట్టి నాటకమాడించే ఆలోచనలో ఉన్నాడు. నాకు ఒళ్ళు మండిపోయింది. మావయ్యను పక్కకు లాగి అడిగాను.

"నువ్వెందుకు ఆలస్యంగా అందుకుంటున్నావు?"

"నేనా?" అని ఆయన గొంతు తగ్గించాడు. "ఆ అమ్మాయికి కాలు తప్పుతోందే. పాపం, ప్రతిసారీనూ. పైకి అంటే బాగుండదని నేను సర్దుతున్నాను."

నాట్యానికి వాయించేవాళ్ళ పద్ధతి ఇది. వాళ్ళ కళ్ళు ఎప్పుడూ నర్తకి పాదాల మీదే. కాలు పడిన చోటే తాళం. నర్తకి పొరపాటున దెబ్బ తప్పితే వాద్యాలన్నీ ఆ పాదంతో పాటు జరిగి, సభకు తెలియకుండా కప్పేయాలి. నాలుగు రోజులుగా మావయ్య శాక్సోఫోన్ అమ్మాయి కాలు చూసి వాయిస్తున్నాడు.

జానీని పిలిచి అడిగితే అతను ముద్ద చేతిలోనే పట్టుకుని ఆగిపోయాడు. "అయ్యో సార్, జాజ్ వాళ్ళు నాలుగు దెబ్బల్లో రెండోదానికీ, నాలుగోదానికీ కాలు వేస్తారండీ. మీరు ఆ రెండోదాన్నే మొదటిది అనుకుంటున్నారు."

"అయితే ఇన్నాళ్ళూ తప్పింది నేనా?" అన్నాడు మావయ్య. మజ్జిగ కూడా పోసుకోకుండా లేచి చేయి కడిగేసుకున్నాడు.

సంగతి చెబితే లియా కాలు కదపకుండా వాయించబోయింది. ఆమెవల్ల కాలేదు. అప్పుడు మావయ్యే కూర్చునే చోటు మార్చుకుని, పాదాలు వదిలేసి ఆమె ముఖం చూడటం మొదలుపెట్టాడు. ఊదే ముందు బుగ్గలు నిండే క్షణాన్ని పట్టుకున్నాడు. రెండుసార్లు తడబడ్డాడు. మూడోసారి మొదటి దెబ్బ మీద వచ్చి పడ్డాడు, లియా కళ్ళతోనే నవ్వింది.

రోహన్‌కు తృప్తి లేదు. "కరెక్టుగానే ఉంది సార్. కానీ ఆ లేటే బాగుంది. వినేవాళ్ళకు తప్పని తెలీదు కదా."

"తెలీదు బాబూ" అన్నాడు మావయ్య, గొంతు పెంచకుండా. "ఎదుటివాళ్ళ తప్పు కప్పడం నా పని, అది చేస్తూనే ఉన్నాను. నా తప్పుకి నేనే కమాను ఆడిస్తూ కూర్చోమంటే నావల్ల కాదు. వాయించమంటే వస్తాను. లేకపోతే ఆదివారం ఇంటిదగ్గరే ఉంటాను."

జానీ ఆ మాటలు లియాకు ఇంగ్లీషులో చెప్పాడు. ఆమె వాద్యం కింద పెట్టి రోహన్‌తో ఏదో గట్టిగానే అంది. అతను కాసేపు తల గోక్కుని, "సరే సార్, డిలీట్ చేసేశాను" అని తెర నా వైపు తిప్పాడు. అందులోని చెత్తబుట్ట కూడా ఖాళీ చేయించాను. అయినా ఇంకోచోట ఇంకో కాపీ ఉండే ఉంటుందని నా నమ్మకం.

ఆదివారం కచేరీకి వెళ్ళినప్పుడు కూడా ఆ నమ్మకంతోనే ఉన్నాను. మన రాగాన్ని ఇంకో దేశపు వాద్యంతో కలపడం తప్పని నేననను, ఆ గాంధారం విన్నాక అనలేను కూడా. నాకున్న భయమల్లా కలిపేవాళ్ళు మనిషిని పక్కన పెట్టి శబ్దాన్ని మాత్రం పట్టుకుపోతారేమోనని. అందుకే గంటసేపు సంగీతం వినకుండా మావయ్య కమానునే చూస్తూ కూర్చున్నాను. కమాను కదులుతోంది, స్పీకర్లలో వయోలిన్ వినబడుతోంది. రెండూ ఒకటేనని ఎలా తేల్చుకోవడం? హిందోళం మంచి ఊపులో ఉండగా మావయ్య చేతిలో పై తంతి టప్పున తెగింది. స్పీకర్లలోనూ వయోలిన్ అక్కడే తెగిపోయింది. లియా ఆయన ముఖం చూసి, ఊపిరి కూడా తీసుకోకుండా ఆ ఖాళీని తనే అందుకుని, ఆయన కింది తంతి మీదికి వచ్చేదాకా లాక్కొచ్చింది. సభలో ఎవరికీ తెలియలేదు. నేనొక్కదాన్నే ఏడుస్తూ చప్పట్లు కొట్టాను, పక్కాయన వింతగా చూశాడు.

ఒక్క సలహా. ఇలాంటి కచేరీకి వెళితే స్పీకర్ల దగ్గర కాకుండా, వాయించేవాళ్ళ చేతులు కనిపించే చోట కూర్చోండి. దానికోసం అరగంట ముందే వెళ్ళాలి.