పడవవాడు పోసిన గంజి

నేను మూడో తరగతిలో బడి మానేసిన రోజున మా పంతులుగారు పిల్లలందరికీ బెల్లం పంచారట. నా ముక్క నాకు ఇవ్వలేదని ఇప్పటికీ బాధే.

మొన్న ఎండుచేపల బుట్ట అడుగున నా చిన్నప్పటి సాహసకథల పుస్తకం దొరికింది. ఆ కంపుకి నిడదవోలు కాలువ, నాన్న పడవ గుర్తొచ్చాయి. ఆ పుస్తకంలో ఒక రాకుమారుడు పడవవాడు పోసిన గంజి తాగి, ఏరు దాటాక, తన జాడ శత్రువులకి చెబుతాడేమోనని వాణ్ణి నీళ్లలోకి తోసేస్తాడు. వీరుడు తోశాడంటే ఆ పడవవాడు మారువేషంలో ఉన్న రాక్షసుడే అని అప్పట్లో అనుకున్నాను. అది చదివిన సాయంత్రమే గడకర్రతో మా నాన్నని కాలువలోకి తోశాను. ఆయన తడిసి పైకొచ్చి, "రాజుగారూ, ఇక పడవెవరు నడుపుతారండీ?" అన్నాడు.

ఇప్పుడు నేనూ పడవవాణ్ణే. ఆ కథే మా అమ్మాయికి చదివి వినిపిస్తుంటే, "ఆ పడవవాడికి ఈతొచ్చా నాన్నా?" అని అడిగింది. పుస్తకంలో ఆ ఊసే లేదు. గంజి తాగిన చేత్తోనే తోసినవాణ్ణా నేను అంతగా కొలిచింది అనిపించింది. "ఛీ, ఇది పిల్లలు వినే కథ కాదు" అని పుస్తకం విసిరికొట్టాను.

వల అల్లుతున్న మా అమ్మ తలెత్తకుండానే అంది. "పుస్తకాన్నెందుకురా తిడతావు? ఆ రాకుమారుడు ముక్కూమొహం తెలియనివాణ్ణి తోశాడు. నువ్వు మీ నాన్నని తోశావు."